నాలుగో బోల్టు

డెబ్భై తొమ్మిది నాటి ఓల్డ్స్‌మొబీల్.
మలుపు తిరిగినప్పుడల్లా స్టీరింగు
ఆరేళ్ల పిల్ల ముందుపన్నులా ఊగేది.
ఊడదు, ఊరుకోదు.

"జబ్బు చక్రంలో కాదు, మెడలో" అన్నాడు
పక్కింటి వాల్టర్ నోవిట్‌స్కీ,
మడత స్టూలు మోసుకొచ్చి నా గరాజులో కూర్చుంటూ.
మొన్న మార్చి దాకా ఈ కారు ఆయనదే.
చేతుల వణుకు ముదిరాక నాకమ్మాడు.

టొలీడోలో నవంబరు. పట్టుకుంటే పానాలు కొరుకుతున్నాయి.
ముందు బ్యాటరీ తీగ విప్పించాడు.
హారన్ మూత, నడిమి నట్టు.
పుల్లర్ బిగిస్తే టక్కున లేచొచ్చిన చక్రాన్ని
కడిగిన అట్లపెనంలా గోడకి ఆనించాను.
పిన్నులు రెండూ మొండికేసి, మొండికేసి, వచ్చాయి.
వాటి వెనకే స్ప్రింగు ఎగిరి
పెయింటు డబ్బాల సందున పడింది.
వెతకడానికి ముప్పావుగంట.
"ఎగురుతుందని చెప్పలేదేం?"
"ఎవరికైనా ఒకసారి ఎగరాల్సిందే."

అడుగున, టార్చి వెలుగులో, నాలుగు బోల్టులు.
మూడింటి చుట్టూ ఎండిన నీలం జిగురు.
నాలుగోది ఒట్టిది.
వేలు పెడితే తిరిగింది, వదులైన తిరగలి పిడిలా.

"దీన్ని ఇదివరకే ఎవరో విప్పారు."
వాల్టర్ ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉండిపోయాడు.
"తొంభై ఒకటిలో. రెండో షిఫ్టు సైరన్ కూసింది.
ఆదివారం చూద్దామనుకున్నా."

మా అమ్మమ్మ వీధిలో ఒకప్పుడు
తలుపుల మీద బొగ్గుతో రాసేవాళ్లు:
ఓ స్త్రీ, రేపు రా.
పాపం ఆ దయ్యం రోజూ వచ్చి,
చదువుకుని, వెళ్లిపోయేది.
ముప్పై మూడేళ్లు ఈ బోల్టుదీ అదే బతుకు.
డొలోరిస్‌ని డయాలసిస్‌కి తిప్పిన మలుపులన్నీ
మిగతా మూడింటి మీదే.
"కారు కునుకుతోంది వాల్ట్, అనేది.
నేను రేడియో పెంచేవాణ్ణి."

జిగురు చుక్క తనే వేస్తానన్నాడు.
మొదటిది నా చొక్కా చేతి మీద,
రెండోది నేల మీద.
మూడోది మర మీదే పడింది.
నేను బిగించాను.
"ఇంకో పావు. చాలు. చాలన్నానా!"

మర్నాడు మామీ నది వంతెన దాకా వెళ్లొచ్చాం.
చక్రం గుంజలా నిలబడింది.
నా చేతులే, ఎనిమిది నెలల అలవాటున,
లేని ఊగుకి ముందే సర్దుకుని
గీత దాటుతున్నాయి.
"పోతుందిలే" అన్నాడు వాల్టర్.
పక్క సీట్లో, ఆయన ఒళ్లో,
రెండు చేతులూ
కొంచెం ఎడమకి తిరిగాయి.