బేచిరాగ్

దేవరకొండ కచ్చేరి పాత కాగితంల
మా ఊరి పేరు పక్కన ఒక్కటే మాట: బేచిరాగ్.
ఊరికి గూడ ఇంటిపేరుంటదేమో అనుకున్న.
ఉర్దూ సదివిన ఖాసింసాబు చెప్పిండు,
దీపం లేని జాగ అని.

దీపముండె.
డిండి వాగు దాటి మొదలొచ్చినయి ఏడు గుడిసెలు.
వడ్డె పీరయ్య, వాని తమ్ముళ్లు, గంపల కోళ్లు,
కడుపుతోనున్న గాలెమ్మ.
తొలిబావిల ఉప్పునీళ్లు పడ్డయి,
రెండోదాంట్ల తియ్యనీళ్లు.
ఉప్పుబావి పూడ్చలె.
అండ్ల ఇంకా పావురాలుంటయి.

గిర్దావరు గుర్రమెక్కి వచ్చింది మిట్టమధ్యాన్నం.
అందరు కుంటకట్టకు మట్టి మోస్తున్నరు.
గుడిసెల ముందట ఒక్క కుక్క,
ఎండకు అది గూడ మొరగలేదంట.
పగటీలి ఆముదం ఎవరు కాల్చుకుంటరు?
ఆయన రాసుకొని పోయిండు.

శిస్తుకు మాత్రం మరుసటేడే వచ్చిన్రు.
దీపం లేని ఊరికి పన్నెట్ల అని
పీరయ్య అడిగిండో లేదో
ఎవలకు ఎరుకలేదు.

మా నాయనమ్మ
జీపు సప్పుడైతే చాలు
పట్టపగలు గడపల ఆముదపు దీపం పెట్టేది.
వాడకట్టోళ్లు నవ్వెటోళ్లు. నేను గూడ నవ్విన.
ఎందుకే అంటే
"మా అత్త పెట్టేది" అనేది.
అంతే.

నిన్న జనాభా లెక్కల పిల్ల వచ్చింది,
చేతిల ఫోను, నెత్తిన చున్ని.
"ఇంట్ల కరెంటున్నదా?" అన్నది.
ఉన్నదన్న.
ఆమె ఆ గడి నింపేలోపు
లోపలికి పోయి
అగ్గిపెట్టె ఎతికిన.