నలభై ఒకటో నంబరు

కొండ నెత్తిన మా టవర్ ఒక్కటే.
దాని కింద అరవై మూడు ఇళ్లు,
సరస్సు ఒడ్డు వెంబడి, లోయ మడతల్లో,
గొర్రెల కంచెలకి అవతల.
ఒక్కో చూరుకి ఒక్కో తెల్లటి పళ్లెం,
టవర్ వైపే మొహం పెట్టుకుని.

పటగోనియా గాలికి ఆ మొహాలు తిరిగిపోతుంటాయి.
తిప్పి మళ్లీ బిగించడం నా ఉద్యోగం.

అందరికీ దారి ఒక్కటే, ఆకాశంలో సన్నటి దారి.
ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా అందదు.
అందుకని టవర్ క్షణాన్ని పట్టుకుని
పలచగా తరుగుతుంది:
ఈ ముక్క నీది, ఆ పక్కది వాళ్లది,
వంతు వచ్చేదాకా నోరు మెదపకు.

దగ్గరివాళ్లని గొంతు తగ్గించమంటుంది.
దూరంవాళ్లతో అంటుంది,
నీ మాట నడిచి రావడానికి వేళ పడుతుంది,
కాస్త ముందుగానే మొదలుపెట్టు.
పదిహేడు కిలోమీటర్ల అవతలి బడి మోడెమ్
అలా తొందరపడే మాట్లాడుతుంది,
సరిగ్గా సమయానికి అందుతుంది.
ఈ సంగతి మా అక్క రొసౌరాకి చెబితే
"లారీ డ్రైవరుతో కాపురం చేస్తున్నదాన్ని,
నాకు తెలియదా" అంది.

కరెంటు పోయి వచ్చిన రోజు చూడాలి.
అరవై మూడూ ఒక్కసారే తలుపు బాదుతాయి.
ఏదీ వినపడదు.
అప్పుడు ఒక్కోటీ తనలో తాను పాచిక వేసుకుని
పడినంతసేపు ఆగి, మళ్లీ తడుతుంది.
మళ్లీ గుద్దుకుంటే ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది.
మా సహకార సంఘం మీటింగుల్లో
ఈ మర్యాద ఇంతవరకూ ఎవరికీ పట్టుబడలేదు.

నలభై ఒకటి మాత్రం సెప్టెంబరు మొదటివారం నుంచి
రోజూ సాయంత్రం ఏడుంపావుకి మాయం.
పొద్దున ఆరింటికి హాజరు.
ఏమీ ఎరగనట్టు పేరు చెప్పి, తాళం చూపించి,
తన ముక్క తాను అడిగి పుచ్చుకుంటుంది.
సిగ్నల్ చూస్తే మైనస్ అరవై ఒకటి, నిండు కుండ.
గాలి అనుకున్నాను.
కనెక్టర్లో చెమ్మ అనుకున్నాను.
కొత్తగా చిగిర్చిన లెంగా కొమ్మ అనుకున్నాను,
కొమ్మ రాత్రిపూటే ఎలా అడ్డొస్తుంది?

ఇరవై రెండు రాత్రుల లాగ్ ప్రింటు తీసి
జేబులో మడిచి బయల్దేరాను.
పడవలో గంటన్నర. ఎరువు గుర్రం మీద రెండు గంటలు.
వీపున నిచ్చెన కట్టుకున్న మనిషిని చూసి ఆ గుర్రం
దారంతా చెవులు వెనక్కి వాల్చే నడిచింది.

తలుపు తీసింది దోన్యా ఎదువీనా.
ముందు మాతే గిన్నె చేతికిచ్చింది.
కాగితం చూపించాను. ఏడుంపావు, ఏడుంపావు, ఏడుంపావు.
కళ్లజోడు పెట్టుకుని వరస మొత్తం వేలితో చదివి
"ఇదిగో, ఒకరోజు ఏడూ ఇరవై" అంది,
"ఆరోజు పాలు పొంగిపోయాయి."

వంటింట్లో, బ్యాటరీ నుంచి వచ్చే ప్లగ్గు ఒక్కటే.
ఆరిపోయే పొయ్యి పక్కన ఆపిల్ పళ్ల పెట్టె,
పెట్టెలో గడ్డి, గడ్డిలో తల్లి చచ్చిన గొర్రెపిల్ల,
దాని మీదికి వేలాడుతూ ఎర్ర బల్బు.
"పగలు నీది, రాత్రి దానిది" అంది.

సంచిలోంచి నాలుగు రంధ్రాల పలక తీశాను.
రెండిటినీ బ్యాటరీ మోయదంది.
లెక్క వేసి చూశాను. మోయదు.

పని రిజిస్టర్లో, లోపం అన్న గడిలో: లేదు.
కారణం: గొర్రెపిల్ల.
పరిష్కారం అన్న గడి ఖాళీగా వదిలేశాను.
ఆ రోజు నుంచి ఏడుంపావుకి అలారం మోగబోతే
నేనే నొక్కి ఆపేవాణ్ని.

నవంబరు తొమ్మిది. ఏడుంపావు.
ఏడున్నర.
ఎనిమిది దాటినా నలభై ఒకటి
ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది.

ఫోన్ తీశాను. పెట్టేశాను.
మేత మొదలుపెట్టిందా అని అడగడానికి
తెల్లారేదాకా ఆగాను.