జూన్ ముప్పై రాత్రి

రేపు ఊరంతా ఇల్లు మారుతుంది.
మాంట్రియల్‌లో జూలై ఒకటి అంటే అంతే:
ఒకరి మంచం దిగుతుంటే
ఇంకొకరి మంచం మెట్ల కింద కాచుకునుంటుంది.

సారా దుకాణం కుర్రాడు అట్టపెట్టెలిచ్చాడు, ఇరవై రెండు.
గిన్నెలన్నీ ఇప్పుడు రమ్ము,
దుప్పట్లు బ్రాందీ.
రేజాన్ చొక్కాలు మాత్రం ఏ పెట్టెలోనూ లేవు,
అవి మార్చిలోనే వెళ్ళిపోయాయి.

ఫ్రిజ్‌ని పురికొసతో కొలిచాను.
ఆ పురికొస పట్టుకుని
ఇనప మెట్ల మలుపు దాకా దిగాను.
రెండు వేళ్ళు ఎక్కువ.
అప్పుడెలా ఎక్కిందో చెప్పగలిగిన మనిషి ఒక్కడే,
వాడికి ఫోన్ చెయ్యను.
కింది వాటా ఫెర్నాండ్ అన్నాడు:
"తలుపు తీసెయ్ గిలేన్,
తలుపు తీస్తే దేనికైనా దారి దొరుకుతుంది."
వేదాంతం కాదు,
చేతిలో స్క్రూడ్రైవరుంది.

ఇక నీకు.
నువ్వెవరో తెలీదు, మధ్యాహ్నానికి దిగుతావట.
స్నానాలగది కుళాయి మీద ఎర్రచుక్క అబద్ధం,
వేణ్ణీళ్ళు రెండోవైపు.
వంటింటి కిటికీని కాస్త పైకెత్తి
భుజంతో తొయ్యాలి, బతిమాలితే కదలదు.
చలికి అర్ధరాత్రి హీటరు గొట్టం కొట్టుకుంటుంది,
అచ్చం ఎవరో తలుపు తట్టినట్టే.
ఎవరూ రాలేదు, పడుకో.
మార్చిలో నేను మూడుసార్లు లేచెళ్ళి చూశాను.

మేకులు గోడకే వదిలేశాను,
బరువు మోసిన మేకులు, మంచివి.

బల్ల కాళ్ళు కూడా విప్పేశాం.
ఈ కాగితం గోడకానించి రాస్తున్నాను.
అక్షరాలు వణికినట్టుంటే
గోడ గరుకు,
అంతే.