బారల లెక్క

తాళ్ళరేవులో, సగం కట్టిన పడవ కడుపులో
నాలుగు పటాలు పరిచాం.
గాలికి లేవకుండా ఒక మూల ఉలి,
ఒక మూల మేకుల డబ్బా,
ఒక మూల గుగ్గిలం ముద్ద,
నాలుగో మూల కాశీరాజు మోకాలు.

నేను మండలాఫీసు సర్వేయర్ని.
వరదకి కొట్టుకుపోయిన లంకలకి
నంబర్లు కాపాడే ఉద్యోగం.
నీళ్ళలో మునిగిన రెండెకరాల పది సెంట్లకి
ఏటా అడంగల్లో రైతు పేరు రాస్తాను.
అంచేత పటం నిజమే చెబుతుందని
నన్నెవరూ నమ్మించలేరు.

ఈ పటాల్లోది మారిషస్.
కాశీరాజు తాతకి మేనత్త, పెమ్మాడి పేరంటాలు,
ఓడెక్కింది కోరంగిలో, దిగింది అక్కడ.
ఎందుకెళ్ళిందో, తర్వాత ఏమైందో
ఇంట్లో ఎవరూ చెప్పుకోలేదు.
పేరొక్కటే మిగిలింది, పిల్లలకి పెట్టడానికి.

మొదటి పటం డచ్చివాళ్ళది.
అంచు ఒక్కటే గీశారు, లోపలంతా తెలుపు.
ఆ తెలుపులో ఒక లావుపాటి పక్షి.
దాని రెక్కలు చూస్తేనే తెలుస్తోంది, ఎగరలేదని.
"ఇది ఉందా ఇప్పుడు?"
లేదన్నాను.
"తినేసుంటారండి," అన్నాడు, బీడీ వెతుక్కుంటూ.

రెండోది ఫ్రెంచివాళ్ళది.
యానాం వీధుల్లా తిన్నటి గీతలు,
గీతగీతకీ ఒక దొర పేరు.
అడివి పలచబడింది.
ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చినవాళ్ళు
ఆ గీతల్ని చేతుల్తో నరికారు గానీ
రాత్రి ఎక్కడ పడుకున్నారో పటానికి తెలీదు.

మూడోది చూసి ఉలిక్కిపడ్డాను.
మా ఆఫీసు బీరువాలోదే అనిపించింది:
అదే గొలుసు కొలత, అదే ఎర్ర సిరా,
అక్షరాలది అదే ఏటవాలు.
చెరకు తోట, రైలు కట్ట, ఆసుపత్రి,
మిల్లు పొగగొట్టానికి సైతం ఒక గుర్తు.
కూలీల లైన్లకి మాత్రం ఐదు పొట్టి అడ్డగీతలు.
వాటిలో ఏ గీత కింద పేరంటాలు గంజి కాచిందో
భూతద్దం పెట్టి నేను వెతుకుతున్నాను.

కాశీరాజు నేలవైపు చూడనేలేదు.
అతని వేలు నీళ్ళలో తిరుగుతోంది,
తీరం చుట్టూ చీమల్లాంటి అంకెల మీద.
"ఇయ్యి బారలాండి?"
బారలే.
"ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటిన్నర, ఇదంతా రాయి.
మూడు కొయ్యల ఓడ ఇటు రాదండి, అడుగు చీరుకుపోద్ది.
ఇదిగో, ఈ సందు. ఐదు, ఆరు, ఆరు.
ఆయ్, ఇక్కడే దిగింది మా పేరంటాలు.
ఇంకెక్కడా లోతు లేదు."

భూతద్దం మడిచి పెట్టేశాను.

నాలుగోది ఆ దేశం తనకు తాను గీసుకున్నది.
బస్సు రోడ్లు, బళ్ళు, నీళ్ళ చెరువులు.
ఊరి పేర్లు అవే, దొరలవే,
ఇప్పుడు ఎవరి నోట ఎలా నలుగుతున్నాయో.

"మరి ఎక్కిన చోటు చూపించండి."

అది నా సొంత ఇలాకా.
సంచిలోంచి మన పాత పటం తీశాను:
కోరంగి దగ్గర లంగరు గుర్తు, పక్కన మూడు బారలు.
కొత్తది తీశాను.
లంగరు చోట మడ అడివి.
సర్వే నంబరు లేదు, రిజర్వు అని ఒక్క మాట.
ఏటేటా ఒండ్రు మోసుకొచ్చి
రేవుని పూడ్చి, సముద్రాన్ని అవతలికి నెట్టి
గోదారి తన పని తాను చేసుకుపోయింది.
ఆవిడ తిరిగొచ్చినా
ఓడ నిలపడానికి ఇక్కడ నీళ్ళు లేవు.

కాశీరాజు చెవి మీది పెన్సిలు తీశాడు.
ప్రభుత్వం వారి పటం మీద, నన్నడక్కుండా,
మడచెట్ల నడుమ
మూడు అని రాశాడు.

చెరపాలి. రబ్బరు జేబులోనే ఉంది.
బోదెలోకి పోటు ఎక్కుతోంది,
పడవ కింద బురదలో ఏదో పీత గోకుతోంది.
అతను దూది పేనుతూ పలకల సందులు కూరుతున్నాడు.

సోమవారం ఆ పటాన్ని
అలాగే చుట్టి బీరువాలో పెట్టాను.