ఏట కూర

ఊరి పేరు రైస్ లేక్.
బియ్యం కావాలంటే మాత్రం
రెండు గంటలు కారు నడపాలి.

నవంబరులో ఇక్కడ మగాళ్లూ ఆడాళ్లూ
పెట్రోలు బంకు దగ్గర నారింజరంగు కోట్లలో నిలబడి
కాఫీ తాగుతుంటారు.
మొదటేడు హనుమాన్ దీక్షేమో అనుకుని
నాలో నేనే నవ్వుకున్నాను.

శనివారం చీకటి పడ్డాక పక్కింటి ఆర్డిస్ వచ్చింది.
డెబ్భై ఒకటో ఏడు, మోకాలికి స్టీలు చిప్ప,
చంకలో తెల్లకాగితం చుట్టిన తొడ.
వారం రోజులు షెడ్డులో వేలాడింది, ఇక మెత్తబడి ఉంటుందంది.
గుమ్మంలో బూట్లు విప్పుతూ,
"నీ పుల్లాకు తిన్నది ఇదేనేమో" అంది.

జూన్ నుంచీ నాకూ దానికీ పోరు.
మండపేట నుంచి కాగితం మడతలో తెచ్చిన గింజలు
మోకాలెత్తు గోంగూరై నిలబడగానే
కొడవలి పెట్టినట్టు కొరికేసేది.
సబ్బుముక్కలు కట్టాను. తలదువ్వుకున్న వెంట్రుకలు చల్లాను.
రాత్రంతా రేడియో మోగించాను.
ఒక తెల్లవారుజామున కిటికీ అవతల నిలబడి
నన్ను చూస్తూనే నమిలింది,
ఆఫీసుకి వెళ్లాల్సింది నేనే గదా అన్నట్టు.
దాని ఎంగిలి పోగా మిగిలిన ఆకు
మంచు కురిసేలోగా మగ్గబెట్టి ఫ్రీజర్లో దాచాను.

పొట్టలో ఏముందని అడిగాను.
మొక్కజొన్న, ఓక్ కాయలు అంది.
గోంగూర నమిలితే ఎలా ఉంటుందో ఆమెకేం తెలుసు.

పొట్లం విప్పితే నేరేడుపండు రంగు.
కొవ్వన్న మాటే లేదు.
పరిగెత్తిన మాంసం.
ఒకే ఒక్క వెంట్రుక అంటుకుని ఉంది.
వేళ్ల మధ్య నలిపితే లోపల బోలు, గడ్డిపరకలా.
ఆ బోలులో గాలి పట్టుకుని చలికాలమంతా గడుపుతాయంది ఆర్డిస్.
దాన్ని ఎక్కడ పారెయ్యాలో తోచక
సింకు గట్టు మీద పెట్టాను.

ఆమె కత్తితో పొర తీసింది.
నేను కత్తిపీట మీద కూర్చుని ముక్కలు కోశాను.
కాలితో కత్తిని తొక్కిపట్టడం చూసి
ఆమె కాసేపు పని ఆపేసింది.

మా వైపు మేకపోతు మాంసాన్ని ఏట అంటాం.
చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే
నూకరాజు కొట్టు ముందు గిన్నె పట్టుకుని
"అరకిలో ఏట, లేతది" అనేదాన్ని.
ఆ ఏటలో వేట ఏదీ?
గుంజకి కట్టిన జీవం, ఎటూ ఉరకలేదు.
ఎప్పుడో ఎవరో నిజంగానే అడవిలోంచి తెచ్చేవారు కాబోలు.
అడవి పోయింది, అంబు పోయింది,
మాట ఒక్కటీ కాలినడకన
కొట్టు దాకా వచ్చి కూర్చుంది.
ఇదంతా ఆర్డిస్‌కి చెప్పబోయాను.
ఇంగ్లీషులోకి ఎత్తేసరికి
గిన్నె అడుగున ఏమీ లేదు.

అల్లం, వెల్లుల్లి, వేయించి దంచిన ధనియాలు.
దాని ఒంట్లో లేని కొవ్వు కోసం
నూనె దగ్గర చెయ్యి జారనిచ్చాను.
కుక్కరు మొదటి కూతకి
ఆర్డిస్ కుడిచెయ్యి గభాలున భుజం దాకా లేచింది.
ఆరు కూతలా! మేమైతే పెనానికి చూపించి తీసేస్తాం, అని గొణిగింది.
తర్వాత, మూడో కూతకీ నాలుగో కూతకీ నడుమ,
భర్త పోయాక ఇది తొమ్మిదోదని,
మీట నొక్కేముందు ప్రతిసారీ ఒక మాట అంటానని చెప్పింది.
ఆ మాటేమిటో చెప్పలేదు.
నేనూ అడగలేదు.

గోంగూర పులుపుకి
ఆమె కన్ను ఒకటి దానంతటదే మూసుకుంది.
రెండోసారి వడ్డించమని కంచం జరిపి,
"రుచి తెలిసిన జంతువే" అంది.

మా రాత్రి అక్కడ ఆదివారం పొద్దు.
చెల్లెలు సత్యవేణి ఫోను.
"ఏం కూరే అక్కా?"
"ఏట."
"ఓస్, మేమూ అదే."

అంట్లు తోముతూ చూస్తే
పెరట్లో, మడి ఉండే చోట, మంచు మీద
కొత్త గిట్టల గుర్తులు, ఒక జత పెద్దవి, ఒక జత చిన్నవి.
వచ్చే జూన్‌కి
గింజలు ఇంకో పిడికెడు తెప్పించాలి.