నూట ముప్పై ఏడో మెట్టు

ఇన్నేళ్ళూ బెజవాడంటే నాకు
ఇరవై నిమిషాల ప్లాట్‌ఫారం.
కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి
పులిహోర పొట్లం అందుకునేలోపు
కదిలిపోయే ఊరు.
మొదటిసారి ఇక్కడే దిగాను.
రెండు సంచులు, ఒక కుక్కరు,
ఆటోనగర్ లారీ ఆఫీసులో
సోమవారం నుంచి లెక్కలు రాసే పని.

హాస్టల్లో పై బెర్తులాంటి మంచం.
ఆదివారం వస్తే జోజిబాబు బండి వెనక కూర్చుని
ఇళ్ళ వేట.
పటమటలో ఒకావిడ గుమ్మం దాటనివ్వకుండానే
నా వంటలో ఏం వాసనలొస్తాయో అడిగింది.
మొగల్రాజపురం అపార్టుమెంటు సెక్రటరీ
నా కాలివేళ్ళు చూశాడు, మెడ చూశాడు,
"ఫ్యామిలీలకేనమ్మా" అని
లిఫ్టు తలుపు తనే మూశాడు.
సత్యనారాయణపురంలో పెద్దాయన మర్యాదస్తుడు.
ఫ్యాను వేసి, మంచినీళ్ళు తెప్పించి,
"అయితే మీరేమిట్లు?" అన్నాడు.

ఏమిట్లు.
మా పార్వతీపురంలో ఈ మాటే ఇంకోలా అడుగుతారు,
అక్కడా ఇంతే మెత్తగా.
చెప్పాను.
ఫ్యాను కాసేపు తిరిగింది.
మా అబ్బాయితో మాట్లాడి ఫోన్ చేస్తానన్నాడు.
నేను దించిన చోటే ఉంది గ్లాసు,
వీధి మలుపు తిరిగేముందు వెనక్కి చూస్తే
ఇంకా అక్కడే.

జోజిబాబుకి నా మీద జాలో, పెట్రోలు మీద బెంగో,
"కొండమీదైతే ఉందక్కా" అన్నాడు చివరికి.
"కానీ మెట్లు."

కింద వీధిలో ఎనిమిది వేలు.
యాభయ్యో మెట్టు దగ్గర ఐదున్నర.
వంద దాటితే నాలుగు,
అదీ బేరమాడితే తగ్గుతుంది.
ఈ ఊళ్ళో మోకాళ్ళకి కూడా ఒక రేటుంది.
గ్యాసు బండ మోసే కుర్రాడు
మెట్లు లెక్కపెట్టి మరీ డబ్బులడుగుతాడు,
ఒకటి ఎక్కువ చెప్పడు, ఒకటి వదలడు.

అరవై దగ్గర ఒక మేక దారివ్వలేదు.
తొంభై దగ్గర నేనే కూలబడ్డాను.
జోజిబాబు కిందే ఉండి
"ఇంకాస్తేనక్కా" అని అరుస్తున్నాడు.

నూట ముప్పై ఏడు.
రేకుల గది.
వరండా అని పిలిచే రెండడుగుల సిమెంటు.
మూడు వైపులే గోడలు, నాలుగోది కొండ.
సున్నం కొట్టినా రాయి రాయిలాగే ఉంది,
చెయ్యి ఆనిస్తే వెచ్చగా,
జ్వరం తగ్గుతున్న ఒళ్ళులా.

ఇంటావిడ పేరు సామ్రాజ్యం.
జాకెట్లకి హుక్కులు కుడుతూ, పళ్ళతో దారం తెంపుతూ,
"నిండు బిందెతో ఎక్కగలవా?" అంది.
"ఏటి?" అన్నాను ఆయాసపడుతూ.
"ఆఁ, ఏటి నీళ్ళే. మోటారు పాడైతే
కిందనుంచి మొయ్యాల."
నాకు నవ్వొచ్చింది.
ఆ ఆయాసంలో నవ్వు కాస్తా దగ్గయి,
ఆవిడ కంగారుపడి చెంబు తెచ్చింది.

ఏమిట్లని ఆవిడా అడిగింది,
నాలుగో రోజున, పప్పు గిన్నె అందిస్తూ.
చెప్పాను.
గిన్నె నా చేతిలోనే ఉంది.
మర్నాడు కడిగి ఇస్తే లోపలికి తీసుకుపోయి
ఏ గూట్లో పెట్టిందో నేను చూడలేదు.
చూడకూడదనే అటు తిరిగాను.
అంతకన్నా ఇప్పుడే ఏం చెప్పలేను.

ఆఫీసు ఫారంలో చిరునామాకి
ఒకటిన్నర లైను వదిలారు.
డోర్ నంబరు చెరిగిపోయింది, అడిగితే ఎవరికీ గుర్తులేదు.
"మెట్లెక్కి, మేకను కట్టేసిన చోట ఎడమకి" అని రాశాను.
మేనేజరు కళ్ళజోడు పైకి తోసి చదివి
ఏమీ అనకుండా ముద్ర వేశాడు.

రాత్రి కరెంటు పోతే బయట కూర్చుంటాను.
ఊరంతా చీకటైనా స్టేషను వెలుగుతూనే ఉంటుంది.
ఏదో రైలు వచ్చి ఆగింది.
ఇంతదూరం నుంచి మనుషులు కనపడరు గానీ
ఏ కిటికీలోంచో ఒక చెయ్యి
పొట్లం కోసం చాపే ఉంటుంది.
ఇరవై నిమిషాలు.
ఈసారి కదిలింది రైలే.

రేపు నీళ్ళొచ్చే రోజు.
నాలుగింటికి లేవాలి.