లెక్కకు రాని బండి

పొద్దుగాల మూడున్నర. ములుగు రోడ్డు జంక్షన్.
స్తంభం మీది కెమెరాకు
నేనే గీసిచ్చిన, నాలుగు పసుపు డబ్బాలు.
డబ్బాల బండి నిలబడితె దారియ్యాలె,
అంతే దానికి ఎరుకైన లోకం.

ఇందాక వాన వెలిసిన తారు మీద
మందుల షాపు బోర్డు మెరిస్తె
బండే అనుకొని పచ్చలైటు ఇచ్చింది,
ఎవ్వలు లేని తొవ్వకు.

ఓదెలు మాత్రం ఎర్రలైటు కిందనే.
తోపుడుబండి, ఎనుమాములకు మూడు మిర్చి బస్తాలు.

"దాటిపోరాదె?"
"ఫోటో దీస్తదంట గద సారూ.
పాలాటో రానీ.
దాని ఎనుక నేను గూడ బండినే."
అని, తుమ్మిండు.

లాప్‌టాప్ తెరిచిన.
డబ్బా అంచు వట్టి
ఎడమకు, మోరీ దాక గుంజిన.

ఇంకా ఎర్రగనే ఉంది.
ఇద్దరం తలెత్తి చూస్తున్నం.